పదహారో రోజు: డాఖావ్

మ్యూనిక్ చేరేసరికి మా ప్రయాణం మొదలై పదిహేను రోజులైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగిన నాడు ప్రతి కాలువ వంతెన మీదా ఆగి ఫొటోలు తీసుకున్న మేమే, బ్రస్సెల్స్, పారిస్, జ్యూరిక్, లూసర్న్‌ల మీదుగా జర్మనీలో అడుగుపెట్టేసరికి, ఎదురుగా ఎంత అందమైన చర్చి కనిపించినా ముందు దాని పక్కన కూర్చోవడానికి బల్ల ఉందా లేదా అని వెతుక్కునే స్థితికి వచ్చాము. బ్రస్సెల్స్‌లో రాళ్లు పరిచిన వీధులకు నా పెట్టె చక్రం ఒకటి ఊడిపోయింది. అప్పటి నుంచి దాన్ని ఈడ్చుకుంటూ రైళ్లు మారడం మా వారి పనైంది. నా చీలమండలు సాయంత్రమయ్యేసరికి బూట్లలో పట్టనంతగా వాచిపోయేవి. ఏ బొమ్మ ఏ మ్యూజియంలో చూశామో, ఏ రాజుగారి పడకగది ఏ ఊళ్లోదో నాకు కలగాపులగమైపోయింది.

పదహారో రోజుకు మా అమ్మాయి వేసిన ప్రణాళికలో ఒక్కటే మాట ఉంది: డాఖావ్. హిట్లర్ కాలంలో నాజీలు నిర్బంధ శిబిరం నడిపిన ఊరు అది. అంతవరకూ మేము దాన్ని డాచౌ అని చదువుకుంటూ వచ్చాము. అలా కాదని అదే దిద్దింది. నేను ముందు రాత్రే విసుక్కున్నాను. ఇన్నాళ్లు దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టి, ఇంత దూరం వచ్చి, మనుషులను చంపిన చోటు చూడటానికి ఒక రోజు పోగొట్టుకోవాలా అన్నాను. ఆ రోజు గదిలోనే పడుకుంటానని మా వారు ప్రకటించారు. "వెళ్లకపోతే తర్వాత నువ్వే అంటావమ్మా, అక్కడిదాకా వెళ్లి చూడకుండా వచ్చామని," అంది అమ్మాయి. ఆ మాటకు కాదు గానీ, అది ఒక్కతే వెళ్తుందేమోనని ఇద్దరమూ లేచి బయల్దేరాము. ఇంతకన్నా గొప్ప కారణం ఏదో ఉందని ఇక్కడ రాస్తే అబద్ధమవుతుంది.

మ్యూనిక్ ప్రధాన స్టేషన్ నుంచి ఎస్2 రైలులో డాఖావ్ అరగంట లోపు ప్రయాణమే. స్టేషన్ బయట 726 నంబరు బస్సు ఎక్కాలి. సంచుల నిండా కూరగాయలు పెట్టుకున్న ఒక పెద్దావిడ మా ముందు సీట్లో కూర్చుని రెండు స్టాపుల తర్వాత దిగిపోయింది. ఈ మామూలుతనానికి నేను సిద్ధపడి రాలేదు. ఎక్కడో ఊరికి దూరంగా, ఎవరికీ తెలియని అడవిలో ఉంటుందని ఊహించుకున్న చోటికి సిటీ బస్సు వెళ్తోంది. చుట్టూ ఇళ్లు, కిటికీల్లో పూలకుండీలు ఉన్నాయి. శిబిరం రాకముందు డాఖావ్‌కు చిత్రకారుల ఊరిగా పేరుండేదని, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ వెలుతురునూ బురదనేలలనూ గీయడానికి ఎక్కడెక్కడి చిత్రకారులో వచ్చి ఉండేవారని తర్వాత తెలుసుకున్నాను.

రహస్యం అన్న ఊహ కూడా తప్పేనని లోపలికి వెళ్లిన కాసేపటికే తేలిపోయింది. హిట్లర్ 1933 జనవరి 30న జర్మనీ ఛాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత, అయ్యాడు. రెండు నెలలు నిండకుండానే, మార్చి 22న, మొదటి ప్రపంచ యుద్ధం నాటి పాత మందుగుండు కర్మాగారం ఆవరణలో ఈ శిబిరం తెరిచారు. అప్పుడు మ్యూనిక్ పోలీసు అధిపతిగా ఉన్న నాజీ నాయకుడు హిమ్లర్ ఆ సంగతిని పత్రికల్లో ప్రకటించాడు. అయిదు వేల మంది పడతారని కూడా అందులో చెప్పాడు. అంటే పొద్దున్నే కాఫీ తాగుతూ జనం చదువుకున్న వార్త అది. మొదట తెచ్చినవారు కమ్యూనిస్టులు, సోషల్ డెమొక్రాట్లు, కార్మిక సంఘాల నాయకులు. తర్వాత యూదులు, జిప్సీలని పిలిచే రోమా, సింతి జనం, స్వలింగ సంపర్కులు, యెహోవా సాక్షులు, యుద్ధం మొదలయ్యాక ఆక్రమిత దేశాలన్నిటి నుంచీ ఖైదీలు వచ్చారు. పన్నెండేళ్లలో 40కి పైగా దేశాలకు చెందిన రెండు లక్షల మందికి పైగా ఇక్కడా దీని ఉపశిబిరాల్లోనూ బందీలుగా ఉన్నారు. వారిలో కనీసం 41,500 మంది ప్రాణాలు కోల్పోయారు.

ప్రవేశానికి టిక్కెట్టు లేదు. చెట్ల మధ్య దారిన నడిస్తే జూర్‌హౌస్ అనే కాపలా భవనం వస్తుంది. దాని కింది ఇనుప గేటులోంచే ఖైదీలందరినీ లోపలికి నడిపించారు. 'ఆర్బైట్ మాఖ్ట్ ఫ్రై', అంటే 'పని స్వేచ్ఛనిస్తుంది' అన్న మాటలు ఆ గేటులోనే ఇనుప అక్షరాలుగా ఉన్నాయి. ఇప్పుడు అక్కడ ఉన్నది నకలు. 2014 నవంబరులో ఒక రాత్రి దొంగలు అసలు తలుపును ఎత్తుకుపోయారు. రెండేళ్లకు అది నార్వేలోని బెర్గెన్ దగ్గర దొరికింది. ఇప్పుడు లోపలి మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. ఎవరు ఎత్తుకుపోయారో తేలలేదట. ఇనుప తలుపును, అందులోనూ ఇలాంటి తలుపును, దొంగిలించి ఏం చేసుకుందామనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మేము వెళ్లేసరికి నలుగురు కుర్రాళ్లు ఆ అక్షరాల పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటూ నవ్వుతున్నారు. నాకు కోపం వచ్చింది. అయితే ముందు రాత్రి నేను అన్న మాటలు గుర్తుకొచ్చి, కోపపడే అర్హత నాకుందా అన్న సందేహం కూడా వచ్చింది.

గేటు దాటగానే హాజరు మైదానం. అంత ఖాళీ స్థలాన్ని నేను ఆ ప్రయాణంలో మరెక్కడా చూడలేదు. పొద్దునా సాయంత్రమూ ఖైదీలందరూ ఇక్కడ వరుసల్లో నిలబడాలి. లెక్క కుదరకపోతే కుదిరేదాకా, వానలోనైనా మంచులోనైనా, గంటల తరబడి నిలబడాలి. ఆ రోజు చనిపోయినవారిని కూడా మోసుకొచ్చి వరుసలో పెట్టేవారు, ఎందుకంటే లెక్క అంటే లెక్కే. నేను ఆ వివరం చదువుతున్న సమయానికి నా కాళ్లు సలుపుతున్నాయి, కూర్చునే చోటు కోసం కళ్లు వెతుకుతున్నాయి. 'మనకు ఇంత నొప్పిగా ఉంటే వాళ్లకు ఎంత ఉండేదో' అన్న ఆలోచన నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పదిహేను రోజులు ముచ్చటపడి తిరిగినందుకు వచ్చిన వాపును పక్కన పెట్టి కొలవగలిగినది కాదు అది. కూర్చోవాలనిపించింది, గోడ వారగా కాసేపు కూర్చున్నాను. ఆ రెండింటికీ సంబంధం లేదు.

మైదానానికి ఒక పక్కన పొడుగ్గా ఉన్న పాత నిర్వహణ భవనంలోనే ఇప్పుడు మ్యూజియం ఉంది. ఈ భవనం పైకప్పు మీద అప్పట్లో పెద్ద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం రాయించారు. లోపల దాని ఫొటో ఉంది. స్వేచ్ఛకు ఒక దారి ఉందనీ, ఆ దారిలోని మైలురాళ్లు విధేయత, శ్రమ, నిజాయితీ, క్రమం, శుభ్రత, మితం, సత్యసంధత, త్యాగబుద్ధి, మాతృభూమి మీద ప్రేమ అనీ దాని అర్థం. అమ్మాయి చదివి చెబుతుంటే నేను రెండోసారి చెప్పమన్నాను. వీటిలో తప్పు పట్టదగిన మాట ఒక్కటీ లేదు. బడి గోడల మీద రాయించేవి, పిల్లలకు కాపీరాతగా ఇచ్చేవి, చిన్నప్పుడు అమ్మాయికి నేను నేర్పినవి ఇవే. రోజూ రెండు పూటలా ఆ మైదానంలో నిలబడ్డ మనిషి తలెత్తితే కనిపించేవి ఈ మాటలు.

మ్యూజియంలో నేను ఎక్కువసేపు ఆగింది భయంకరమైన ఫొటోల ముందు కాదు, కాగితాల ముందు. 1933 జూన్‌లో కమాండెంట్‌గా వచ్చిన థియోడర్ ఐకే అనే ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) అధికారి అదే ఏడాది అక్టోబరులో ఈ శిబిరానికి శిక్షాస్మృతి ఒకటి తయారు చేశాడు. ఏ తప్పుకు ఎన్ని రోజుల ఏకాంత నిర్బంధం, దేనికి ఇరవై అయిదు కొరడా దెబ్బలు, దేనికి ఉరి అన్నది అంశాలవారీగా రాసి ఉంచాడు. ఆ కొరడా దెబ్బలకు మనిషిని వంచి కట్టే చెక్క బల్ల పక్క గదిలోనే ఉంది. వడ్రంగి నైపుణ్యం కనిపించే పనితనం దానిది. తర్వాత తెరిచిన శిబిరాలకు ఈ నియమాలే నమూనా అయ్యాయి, ఇక్కడ తర్ఫీదైనవారే వాటికి అధికారులయ్యారు. పోలండ్‌లోని ఆష్విట్జ్ మరణశిబిరానికి తర్వాత కమాండెంట్ అయిన రూడోల్ఫ్ హెస్ 1934లో పని నేర్చుకున్నది ఇక్కడే.

ఖైదీల శిబిరంలో అసలు బారకాసులు, అంటే పొడవాటి కొట్టాలు, 34 ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. చూపించడానికి రెండింటిని మళ్లీ కట్టారు. మిగిలిన వాటి చోట్ల పునాది కొలతలకు సిమెంటు గట్లు వేసి, మధ్యలో కంకర పోసి, ముందు నంబరు రాయి పాతారు. మళ్లీ కట్టిన బారకాసులో వేర్వేరు కాలాల మంచాలను వరుసగా చూపిస్తారు. తొలినాళ్ల వాటికి మధ్యలో పలకల అడ్డాలున్నాయి, మనిషికింత అని చోటుంది. చివరి రోజులవి మూడంతస్తుల చెక్క అరలు, అడ్డాల్లేవు. రెండు వందల మంది కోసం కట్టిన బారకాసులో చివరికి రెండు వేల మంది దాకా కుక్కారు.

నన్ను కట్టిపడేసింది మొదటి మంచమే. గడ్డి పరుపును ప్రతి ఉదయం పలకలా చదునుగా, అంచులు నిటారుగా, మూలలు పదునుగా వచ్చేట్టు సర్దాలి. దాని మీద నీలం, తెలుపు గళ్ల దుప్పటి పరిచి, ఆ గళ్ల గీతలు మంచం అంచుతో సమంగా ఉండేట్టు చూడాలి. నేల మెరవాలి. అల్మరా లోపల వస్తువులు చెప్పిన వరుసలోనే ఉండాలి. అన్నం గిన్నె మీద నీటి మరక కూడా కనిపించకూడదు. గడ్డి పరుపు, అందులోనూ రాత్రంతా మనిషి పడుకుని లేచినది, పలకలా ఎలా ఉంటుంది? ఉండదు. ఉండదు కాబట్టే ఆ నియమం. తనిఖీకి వచ్చిన ఎస్‌ఎస్ మనిషికి ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పు దొరుకుతుంది, తప్పు దొరికితే శిక్ష ఉంటుంది. పని నుంచి వచ్చి ఒళ్లు హూనమైన మనిషి నేలకు మైనం పట్టించి, ఆ నేల మాసిపోతుందన్న భయంతో మునివేళ్ల మీద నడిచేవాడు. మురికి కూపాన్ని చూడబోతున్నానని అనుకుంటూ నేను వచ్చాను. చివరి నెలల్లో, టైఫస్ జ్వరం వేల మందిని తీసుకుపోయినప్పుడు అది మురికి కూపమే అయింది. కానీ అంతకు ముందు చాలా ఏళ్లపాటు ఇది శుభ్రంగా ఉన్న చోటు. ఆ శుభ్రతతోనే మనుషులను హింసించారు. నేను పక్క సర్దే విషయంలో కాస్త చాదస్తపుదాన్ని. ఆ మంచం ముందు నిలబడి, చూడగానే 'ఎంత చక్కగా సర్దారో' అని ముందు అనుకున్నాను, ఆ తర్వాతే పక్కనున్న పలక చదివాను. ఈ సంగతి ఆ రోజు మా వాళ్లకు చెప్పలేదు.

బారకాసుల వెనక కంచె. కంచెకు ముందు పచ్చగడ్డి పట్టీ, దాని తర్వాత గుంట, ఆ తర్వాత కరెంటు పారిన ముళ్లతీగ, మధ్య మధ్య కాపలా బురుజులు. గడ్డి మీద అడుగు పెట్టినవారిని హెచ్చరించకుండా కాల్చవచ్చునన్నది నియమం. కొన్నిసార్లు కాపలావాళ్లే ఖైదీ టోపీ లాక్కుని ఆ గడ్డి మీదికి విసిరి, వెళ్లి తెచ్చుకోమనేవారు. టోపీ లేకుండా హాజరుకు వస్తే శిక్ష, తెచ్చుకోవడానికి వెళ్తే తుపాకీ గుండు. ఇప్పుడు ఆ గడ్డి ఒత్తుగా, సమంగా కత్తిరించి ఉంది. మా వారు మాతో మాట్లాడుతూ కంచె వైపు నడుస్తున్నవారు ఆ అంచు దగ్గర చటుక్కున ఆగిపోయారు. అక్కడ అడ్డమేమీ లేదు. ఆయన కాసేపు తన బూట్ల వైపు చూసుకుని, వెనక్కి తిరిగి కంకర దారిలోకి వచ్చారు. గదిలోనే పడుకుంటానన్న మనిషి ఆ తర్వాత మా ఇద్దరికంటే ముందు నడిచారు.

మధ్య దారికి రెండు వైపులా పాప్లర్ చెట్లు వరుసగా ఎత్తుగా ఉన్నాయి. ఈ దారిలో మతాచార్యులను ఉంచిన బారకాసుల నంబర్లు కనిపిస్తాయి. 2,700 మందికి పైగా మతాచార్యులను డాఖావ్‌లో బంధించారు, వారిలో ఎక్కువ మంది పోలండ్ కేథలిక్కులు. దారి చివర ఇప్పుడు కేథలిక్, ప్రొటెస్టెంట్, యూదు ప్రార్థనా స్థలాలు ఉన్నాయి. మేము వాటిని బయటి నుంచే చూశాము.

చిన్న కాలువ మీది వంతెన దాటితే, చెట్ల నీడలో శవదహనశాల ఉంది. దాని ముందు పొడవాటి కోటు వేసుకున్న ఖైదీ విగ్రహం, దాని కింద 'మృతులకు గౌరవం, బతికి ఉన్నవారికి హెచ్చరిక' అన్న అర్థమిచ్చే మాటలు ఉన్నాయి. 1942, 43 సంవత్సరాల్లో కట్టిన ఇటుక భవనంలో నాలుగు బట్టీలు, వాటి పక్కనే 'స్నానశాల' అని జర్మన్‌లో రాసిన తలుపు వెనక గ్యాస్ ఛాంబర్ ఉన్నాయి. పైకప్పు చాలా తక్కువ ఎత్తు. మా వారు అప్రయత్నంగా తల వంచారు. ఇక్కడ ఒక మాట సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మాతోపాటు చూస్తున్న ఒకాయన వేలాది మందిని ఈ గదిలోనే చంపారని తన పిల్లలకు చెబుతున్నాడు. ఈ గ్యాస్ ఛాంబర్‌ను సామూహిక హత్యలకు వాడలేదు. డాఖావ్‌లో మనుషులు ఆకలితో, రోగాలతో, చాకిరీతో, వైద్య ప్రయోగాల్లో, తుపాకీ గుళ్లతో, ఉరితాళ్లతో చనిపోయారు. ఇక్కడి నుంచి మరణకేంద్రాలకు పంపి చంపినవారు వేరే. జరిగింది చాలదన్నట్టు జరగనిది కలిపితే, జరిగినదాన్ని కూడా కాదనేవాళ్లకు అది ఊతమవుతుంది.

ఆ భవనం దగ్గరే నలుగురు స్త్రీల పేర్లతో ఒక ఫలకం ఉంది. వారిలో ఒకరు నూర్ ఇనాయత్ ఖాన్. అమ్మాయి మమ్మల్ని ఇంత దూరం నడిపించింది ఈ పేరు కోసమేనని అప్పుడు అర్థమైంది. టిప్పు సుల్తాన్ వంశీకురాలు, బరోడాలో పుట్టిన సంగీతజ్ఞుడూ సూఫీ గురువూ అయిన ఇనాయత్ ఖాన్ కూతురు. 1914 జనవరి 1న మాస్కోలో పుట్టి పారిస్‌లో పెరిగింది. జాతక కథలను పిల్లల కోసం ఇంగ్లీషులో తిరగరాసింది. అహింసను నమ్మే ఇంటి నుంచి వచ్చిన ఆ అమ్మాయి 1943 జూన్‌లో బ్రిటిష్ రహస్య విభాగం తరఫున వైర్‌లెస్ ఆపరేటర్‌గా ఆక్రమిత ఫ్రాన్స్‌లో దిగింది. ఆ పని మీద అక్కడికి పంపిన మొదటి స్త్రీ ఆమె. వెళ్లిన కొన్ని రోజులకే తోటివారు వరుసగా పట్టుబడ్డారు. వెనక్కి వచ్చెయ్యమన్నా రాకుండా, చోటు మారుస్తూ, బరువైన పెట్టెలోని ఆ యంత్రాన్ని మోసుకుంటూ సందేశాలు పంపింది. అక్టోబరులో ఎవరో పట్టించారు. పది నెలలు జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ జైల్లో కాళ్లకూ చేతులకూ గొలుసులతో ఉంచి, చివరికి మరో ముగ్గురు ఏజెంట్లతోపాటు డాఖావ్‌కు తెచ్చి, 1944 సెప్టెంబరు 13న కాల్చి చంపారు. ఆమెకు అప్పుడు ముప్పై ఏళ్లు. మా అమ్మాయికి ఇరవై తొమ్మిది. ఫలకం ముందు అది ఎంతసేపు నిలబడిందో నేను చూడలేదు. నేను కొంచెం దూరంలో, చెట్టు కింద, బూట్ల తాళ్లు వదులు చేసుకుంటూ కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మైదానంలోని పెద్ద లోహ శిల్పాన్ని చూశాము. ముళ్లతీగల్లో చిక్కుకున్న శరీరాల రూపంలో యుగోస్లావియా శిల్పి నాందోర్ గ్లిడ్ 1968లో చేసినది. దాని దగ్గరే గొలుసు ఆకారంలో ఇంకొకటి ఉంది, ఎవరు ఏ వర్గం ఖైదీయో తెలిపేందుకు వారి బట్టల మీద కుట్టిన రంగు త్రికోణాలతో. ఆ గొలుసులో గులాబీ రంగు, నలుపు, ఆకుపచ్చ త్రికోణాలు లేవు. అంటే స్వలింగ సంపర్కులు, 'సంఘానికి పనికిరానివారు' అని ముద్ర వేయబడ్డవారు, నేరస్థులని తెచ్చినవారు ఆ గొలుసుకెక్కలేదు. ఇక్కడే బాధపడి, ఇక్కడే చనిపోయినా, 1968 నాటికి వారిని బాధితుల లెక్కలో చేర్చుకోవడానికి మనసు రాలేదన్నమాట. ఆ శిల్పం చెప్పదలచుకున్నదానికంటే అందులో లేనివే ఎక్కువ చెప్పాయి నాకు.

1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం వచ్చేసరికి శిబిరంలో ముప్పై వేల మందికి పైగా మిగిలి ఉన్నారు. వచ్చే దారిలోనే సైనికులకు బుఖెన్‌వాల్డ్ అనే మరో నాజీ శిబిరం నుంచి వచ్చి ఆగిపోయిన రైలు, దాని పెట్టెల నిండా శవాలు కనిపించాయి. యుద్ధం ముగిశాక చెకోస్లొవేకియా నుంచి వెళ్లగొట్టబడిన జర్మన్ కుటుంబాలు చాలా ఏళ్లు ఈ బారకాసుల్లోనే కాపురమున్నాయి. ఈ స్థలాన్ని స్మారకంగా తీర్చిదిద్దింది 1965లో, అదీ బతికి బయటపడ్డ ఖైదీలు పట్టుబట్టినందువల్ల.

సాయంత్రం మ్యూనిక్‌లో మరియెన్‌ప్లాట్జ్ గడియారం బొమ్మల ఆట చూడాలని ముందే అనుకున్నాము, వెళ్లలేదు. హోటల్ దగ్గర దుకాణంలో బ్రెడ్డూ పళ్లూ కొనుక్కుని గదిలోనే తిన్నాము. రైల్లో గానీ భోజనం దగ్గర గానీ ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. పెట్టె చక్రాన్ని ఎలాగైనా బిగించాలని మా వారు చాలాసేపు తంటాలు పడి వదిలేశారు.

మరునాడు పొద్దున్నే ఇన్స్‌బ్రుక్ రైలు. ఏ హోటల్ గది వదిలేటప్పుడైనా, ఎవరో ఒకరు వచ్చి సర్దుతారని తెలిసినా, దుప్పటి మడిచి పక్క సరిచేసి వెళ్లడం నాకు అలవాటు. పారిస్‌లో కూడా అమ్మాయి దీనికి నవ్వింది. ఆ రోజూ దుప్పటి రెండు కొసలూ పట్టుకుని, అంచుకు అంచు కలపబోయాను. టాక్సీ వచ్చిందని మా వారు కింద నుంచి ఫోను చేశారు. దుప్పటిని అలాగే వదిలేసి, చక్రం లేని పెట్టెను ఈడ్చుకుంటూ దిగాను.